తలుపు కదిలితే ఒకడికి చెమటలు, ఇంకొకడికి ఆవలింతలు

‘పారానార్మల్ యాక్టివిటీ’ అనే హాలీవుడ్ దెయ్యం సినిమా వచ్చి పదిహేనేళ్లు దాటిపోయినా దాని మీద గొడవ మాత్రం తేలలేదు. చూసినవాళ్లలో ఒక వర్గం, ఆ తర్వాత కొన్నాళ్లు బెడ్‌రూమ్ తలుపుకి గడియ పెట్టుకునే పడుకున్నామని చెప్తుంది. ఇంకో వర్గం, ఒక తలుపు కాస్త కదలడం చూపించడానికి గంటన్నర కూర్చోబెట్టారు, ఇదేం సినిమా అని తిడుతుంది. మధ్యలో ఉండేవాళ్లు చాలా తక్కువ. మామూలు సినిమాకైతే ‘పర్లేదు, ఒకసారి చూడొచ్చు’ అనే గుంపే పెద్దది. చేతిలో డబ్బుల్లేక ఒకే ఇంట్లో తీసిన దెయ్యం సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఆ గుంపు ఎటు పోతుందో తెలీదు, అయితే నెత్తిన పెట్టుకుంటారు, లేదంటే నేలకేసి కొడతారు.

ఎవరి టేస్ట్ వాళ్లది అని వదిలేయొచ్చు గానీ అలా వదిలేస్తే ఇందులో ఉన్న అసలు సంగతి చేజారిపోతుంది. ఈ అభిప్రాయాల్ని విడదీసి చూస్తే, జనం జవాబు చెప్తున్న ప్రశ్నలే వేరువేరని అర్థమవుతుంది. ఒకడు భయం వేసిందా లేదా చెప్తున్నాడు. ఒకడు టికెట్ డబ్బులు గిట్టాయా లేదా చెప్తున్నాడు. ఇంకొకడు ట్రైలర్‌లో చెప్పిందే లోపల ఇచ్చారా లేదా చెప్తున్నాడు. చివరికి అన్నీ కలిపి పదికి ఇన్ని మార్కులు అని ఒక అంకె పడుతుంది, దాన్ని చూసి మనం సినిమా బాగుందనో లేదనో అనేసుకుంటాం. (ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌లతో సహా అన్నీ విప్పేస్తాను. చూడాలనుకునేవాళ్లు చూసొచ్చాక చదవండి.)

ముందు సినిమా సంగతి. ఓరెన్ పేలి అనే ఆయన వీడియో గేములకి ప్రోగ్రాములు రాసుకునేవాడు. కొత్త ఇంట్లోకి మారాక రాత్రిళ్లు వినిపించే శబ్దాలు ఆయనకి ఈ ఆలోచన ఇచ్చాయి. 2006లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో తన సొంత ఇంట్లోనే, ఏడు రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో షూటింగ్ ముగించేశాడు. అప్పటి రూపాయల్లో ఏడు లక్షలకి కాస్త అటూ ఇటూ. ఇద్దరే ముఖ్య నటులు, కేటీ ఫెదర్‌స్టన్, మైకా స్లోట్, పాత్రల పేర్లు కూడా కేటీ, మైకా. రాసిచ్చిన డైలాగులు లేవు, సన్నివేశం చెప్తే వాళ్లే మాట్లాడుకుంటూ పోయారు. 2007లో స్క్రీమ్‌ఫెస్ట్ అనే హారర్ ఫెస్టివల్‌లో వేశారు. థియేటర్లకి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, వచ్చాక ప్రపంచమంతా కలిపి 19 కోట్ల డాలర్ల పైనే వసూలు చేసింది.

ఇక గొడవకి మూలమైన ఆ బెడ్‌రూమ్ షాట్. స్టాండు మీద కెమెరా, కదలదు. కుడివైపు మంచం, దాని మీద ఇద్దరూ నిద్రపోతుంటారు. ఎడమవైపు తలుపు తీసే ఉంటుంది, దాని అవతల చీకటి వరండా. కింద మూలన టైమ్ అంకెలు. మొదట ఆ అంకెలు గిర్రున పరిగెడతాయి, అంటే రాత్రిని ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తున్నారు. ఎక్కడో ఒకచోట ఠక్కున మామూలు వేగానికి వచ్చేస్తాయి. అంతే, మ్యూజిక్ లేదు, క్లోజప్ లేదు, కానీ రెండు మూడు రాత్రులు గడిచేసరికి ఆ అంకెలు నెమ్మదించడమే చాలు, హాల్లో ఊపిరి బిగపట్టడం మొదలవుతుంది, ఎందుకంటే ఇప్పుడు ఏదో జరగబోతోందని మనకి తెలిసిపోయింది, ఏ మూల జరుగుతుందో మాత్రం తెలీదు. ఒక రాత్రి కేటీ నిద్రలో లేచి మంచం పక్కన నిలబడి, పడుకున్న మైకా వైపు చూస్తూ ఉండిపోతుంది. అంకెలు పరిగెడుతూనే ఉంటాయి. ఒక గంట, ఇంకో గంట. ఆమె కొద్దికొద్దిగా ఊగడం తప్ప ఏ కదలికా ఉండదు.

ఇందులో ఏం జరిగింది అని అడిగితే నిజాయితీగా చెప్పాల్సిన జవాబు, ఏమీ జరగలేదు. ఒకావిడ నిలబడింది, అంతే. ఏమీ జరగలేదని తిట్టేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. చచ్చేంత భయపడ్డామనేవాళ్లూ అబద్ధం చెప్పట్లేదు. ఆ షాట్‌లో పని చేయాల్సింది చూసేవాడి కళ్లు. తలుపు వైపు చూడాలా, మంచం వైపు చూడాలా, దుప్పటి కొస కదిలిందా, నీడ మారిందా అని అతను వెతుకుతూ ఉంటే భయం పుడుతుంది. మధ్యలో ఒక మెసేజ్ వచ్చిందని ఫోన్ చూసుకుంటే ఆ రాత్రి అతనికి లేనట్టే, మళ్లీ తలెత్తేసరికి పొద్దున అయిపోయి ఇద్దరూ వంటింట్లో వాదించుకుంటూ ఉంటారు.

దీన్ని గొప్ప కళ అనేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. దెయ్యాన్ని చూపించడానికి డబ్బుల్లేవు, కాబట్టి చూపించలేదు. కానీ లేని డబ్బుని దాచుకోవడానికి వేసిన ఎత్తుగడ తెలివైనది, అది ఒప్పుకోవాలి. నేల మీద పౌడర్ చల్లడం, పొద్దున లేచి చూస్తే మనిషివి కాని పాదాల గుర్తులు, దీనికి అయ్యే ఖర్చెంత? ఒక పౌడర్ డబ్బా. దెయ్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా చెవికి సరిగ్గా అందని ఒక లోతైన గుయ్యిమనే శబ్దం పెట్టారు, మంచి స్పీకర్లున్న హాల్లో అది ఛాతీకి తెలుస్తుంది, ల్యాప్‌టాప్‌లో ఆ శబ్దమే ఉండదు. ల్యాప్‌టాప్‌లో చూసి ఇందులో ఏముంది అన్నవాడు సినిమాలో సగం విననేలేదు.

మరి ‘ఇల్లు వదిలి పోవచ్చుగా?’ అనే ప్రశ్న. ఇంటి దెయ్యం సినిమాల మీద వచ్చే కామెంట్లలో దీనంత పాతది ఇంకోటి లేదు. దానికి కథలో ఒక జవాబుంది, దెయ్యం ఇంటిని పట్టుకోలేదు, చిన్నప్పటి నుంచి కేటీనే పట్టుకుంది, ఎక్కడికి పోయినా వెంటే వస్తుందని ఆ విషయాలు తెలిసిన ఒక పెద్దాయన ఇంటికొచ్చి చెప్పిపోతాడు. అసలు కారణం ఇంకో ఊళ్లో ఇంకో లొకేషన్ తీసుకోవడానికి డబ్బుల్లేకపోవడం. అయితే ఆ ఒక్క డైలాగుతో లాజిక్ కోసం వెతికే ప్రేక్షకుడి నోరు మూయించారు, చాలా సినిమాలు అది కూడా చేయవు. మైకా మీద వచ్చే తిట్లు ఇంకో రకం. వద్దన్నా కెమెరా తెస్తాడు, దెయ్యాన్ని రెచ్చగొడతాడు, వీజా బోర్డు (దెయ్యాలతో మాట్లాడటానికి వాడే అక్షరాల పలక) కొనొద్దంటే ‘కొనలేదు, అడిగి తెచ్చాను’ అని అతి తెలివి చూపిస్తాడు, అది కాస్తా ఎవరూ లేనప్పుడు తనంతట తనే అంటుకుంటుంది. ఇంత మూర్ఖుడితో సినిమా మొత్తం వేగలేకపోయాం అనేవాళ్లు దాన్ని లోపంగా రాస్తారు. నాకు మాత్రం సినిమాలో దెయ్యం కంటే నమ్మదగ్గవాడు మైకానే అనిపిస్తుంది, భయం వేసినప్పుడు వెటకారానికి దిగే మగాళ్లని చూడటానికి అమెరికా దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారన్న సంగతికి వద్దాం, అభిప్రాయాలు చీలడంలో పెద్ద వాటా దీనిదే. పారమౌంట్ స్టూడియో వాళ్లు దీన్ని 2009 సెప్టెంబర్ 25న 13 కాలేజీ ఊళ్లలో మాత్రమే వదిలారు, అదీ అర్ధరాత్రి షోలు. మా ఊళ్లో కూడా వేయండి అని ఇంటర్నెట్‌లో ఓటేయండి, పది లక్షల ఓట్లు వస్తే దేశమంతా వేస్తాం అన్నారు. అక్టోబర్‌లో ఆ లెక్క దాటింది. ట్రైలర్‌లో సినిమా కంటే ఎక్కువగా చూపించింది చీకట్లో తీసిన ప్రేక్షకుల మొహాలు, వాళ్లు ఎగిరిపడటం, కళ్లు మూసుకోవడం. సినిమా మొదట్లో టైటిల్స్ కూడా ఉండవు, మైకా, కేటీల కుటుంబాలకీ శాన్ డియాగో పోలీసులకీ కృతజ్ఞతలు అని తెర మీద ఒక కార్డు వేస్తారు, ఇది నిజంగా జరిగిందేమో అన్న అనుమానం అక్కడే నాటేస్తారు.

మొదటి వారాల్లో చూసినవాడు ఎవడో ఆలోచించండి. అర్ధరాత్రి ఫ్రెండ్స్‌తో బయల్దేరి, భయపడాలని గట్టిగా నిశ్చయించుకుని వచ్చిన కాలేజీ కుర్రాడు. తన ఓటుతో సినిమాని తన ఊరికి రప్పించుకున్నవాడు. అతను బాగాలేదని చెప్పడం దాదాపు అసాధ్యం. ఆ తర్వాత అక్టోబర్ 23 వారాంతంలో ‘సా 6’ అనే ఇంకో హారర్ సినిమాని కూడా కిందకి తోసి వసూళ్లలో మొదటి స్థానంలోకి వచ్చింది, అప్పటికి చెవిన పడ్డ మాట ఏంటంటే ప్రపంచంలో ఇంత భయంకరమైన సినిమా ఇంకోటి లేదట అని. ఆ మాట విని మ్యాట్నీకి వచ్చి సీట్లో వెనక్కి వాలి ‘ఏదీ, భయపెట్టు చూద్దాం’ అని కూర్చున్నవాడికి తలుపు కదిలింది. అతనికి మండుతుంది, మండాలి కూడా. సినిమా అదే, దానికి తోడుగా అమ్మిన మాట వేరు.

అమెరికాలో విడుదల రోజున హాలు బయట ప్రేక్షకుల దగ్గర కార్డులు నింపించి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇచ్చే సంస్థ ఒకటుంది, సినిమాస్కోర్ అని, 1979 నుంచి ఉంది. హారర్ సినిమాలకి అక్కడ మామూలుగానే తక్కువ గ్రేడ్లు. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ‘హెరెడిటరీ’కి 2018లో డీ ప్లస్ వచ్చింది. 2012లో వచ్చిన ‘సైలెంట్ హౌస్’కి ఏకంగా ఎఫ్. ఇది ఉరుగ్వేలో కొన్ని వేల డాలర్లతో, ఫోటోలు తీసుకునే కెమెరాతో తీసిన ఒక చిన్న సినిమాకి హాలీవుడ్ రీమేక్, ఒక అమ్మాయి ఒక ఇల్లు, మొత్తం ఒకే షాట్‌లో తీసినట్టు కనపడుతుంది. అదే 2013లో వచ్చిన ‘ది కాంజ్యూరింగ్’కి ఏ మైనస్. అది కూడా ఇంటి దెయ్యమే, కానీ రెండు కోట్ల డాలర్ల సినిమా, దెయ్యం ఎవరో చెప్తారు, ఎందుకొచ్చిందో చెప్తారు, చివర్లో వదిలిస్తారు, కుటుంబం ఎండలో నిలబడి కౌగిలించుకుంటుంది. హాలు గుమ్మం దగ్గర పెన్ను చేతికిస్తే మనిషి మార్కులేసేది చివరి పది నిమిషాలకి. వదిలిపోయిన దెయ్యానికి ఏ, వదలని దెయ్యానికి సీ. 2012 జనవరిలో ‘ది డెవిల్ ఇన్‌సైడ్’ కారు ప్రమాదంతో హఠాత్తుగా ఆగిపోయి, మిగతా వివరాలకి ఈ వెబ్‌సైట్ చూడండి అని తెర మీద అడ్రస్ వేసింది. దానికి ఎఫ్ రావడం మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటి దెయ్యం సినిమా భయం చాలామందికి హాల్లో పుట్టదు. ఇంటికొచ్చి, తిని, లైటార్పి పడుకున్నాక, తన బెడ్‌రూమ్ తలుపు కూడా ఎడమవైపే ఉందని గుర్తొచ్చినప్పుడు పుడుతుంది. గ్రహాంతరవాసి సినిమా చూసొచ్చాక ఇంట్లో అంతరిక్ష నౌక ఉండదు, కానీ మంచం, తలుపు, వరండా అందరికీ ఉన్నాయి. గుమ్మం దగ్గర నింపిన కార్డులోకి ఆ రెండో భయం ఎప్పటికీ రాదు, సినిమా అయిన ఐదు నిమిషాలకి ఫోన్లో కొట్టిన రివ్యూలోకీ రాదు.

ఇదంతా పారానార్మల్ యాక్టివిటీతో అయిపోయిందనుకుంటే 2022లో ‘స్కినమరింక్’ వచ్చింది, గొడవని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. బడ్జెట్ మళ్లీ అదే 15,000 డాలర్లు. కెనడాలోని ఎడ్మంటన్‌లో, డైరెక్టర్ కైల్ ఎడ్వర్డ్ బాల్ తను పుట్టి పెరిగిన ఇంట్లోనే తీశాడు. అంతకుముందు ఆయన యూట్యూబ్‌లో జనం చెప్పిన పీడకలల్ని చిన్న వీడియోలుగా తీసేవాడు. కథ ఒక్క ముక్కలో, 1995లో ఒక రాత్రి నాలుగేళ్ల పిల్లాడు, ఆరేళ్ల అక్క నిద్ర లేచేసరికి నాన్న కనపడడు, ఇంటి తలుపులు, కిటికీలు ఒక్కొక్కటే మాయమైపోతుంటాయి. వంద నిమిషాల సినిమాలో ఆ పిల్లల మొహాలు సరిగ్గా చూపించిందే లేదు. కెమెరా సీలింగ్ వైపు, గోడ మూల వైపు, తివాచీ మీద పడున్న లెగో ముక్కల వైపు చూస్తూ ఉంటుంది, టీవీలో ఎప్పటివో పాత కార్టూన్లు తిరుగుతుంటాయి, పిల్లలు గుసగుసగా మాట్లాడితే కింద అక్షరాలు పడతాయి.

ఒక ఫెస్టివల్ ఆన్‌లైన్‌లో చూపించినప్పుడు ఇది లీకైంది, టిక్‌టాక్‌లో కుర్రాళ్లు ముక్కలు ముక్కలుగా పెట్టి, అర్ధరాత్రి ఒంటరిగా చూడండి చూద్దాం అని పందేలు వేసుకున్నారు. ఆ ఊపులో 2023 జనవరిలో థియేటర్లలో వేస్తే 20 లక్షల డాలర్లు వచ్చాయి, వాటితో పాటు బూతులూ వచ్చాయి. విమర్శకులు మెచ్చుకున్నారు, టికెట్ కొన్నవాళ్ల మార్కులు మాత్రం వాళ్లకంటే బాగా కిందే ఉండిపోయాయి. లీకైన కాపీని దుప్పట్లో దూరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసినవాడికి అది తన చిన్నప్పటి జ్వరం రాత్రి. పాప్‌కార్న్ పట్టుకుని నలుగురితో మల్టీప్లెక్స్‌లో చూసినవాడికి అది గోడ ఫోటో. ‘మంచం కింద చూడు’ అని ఒక గొంతు చెప్పే సీన్ ఉంది, అది ఎవరికైనా పనిచేస్తుందనే నా నమ్మకం. కానీ మొత్తం వంద నిమిషాలు ఇలాగే లాగడం ఎక్కువే, ఇరవై ఐదు నిమిషాలు కోసేస్తే తిట్టినవాళ్లలో సగం మంది మన వైపు వచ్చేవాళ్లు. పదిహేను వేల డాలర్లకి ఇంతకన్నా ఏం తీస్తారు అని వెనకేసుకొచ్చే వాదన నాకు నచ్చదు. తక్కువ బడ్జెట్ ఖరీదైన దెయ్యం లేకపోవడానికి సాకు అవుతుంది గానీ కత్తెర లేకపోవడానికి కాదు. టికెట్ మీద మనకేం డిస్కౌంట్ ఇవ్వలేదు.

దీనికి అటు కొసన ఉన్న మాట, ‘ఈ మాత్రం నేను ఫోన్‌తో తీస్తాను’. తీయొచ్చు. పారానార్మల్ యాక్టివిటీ తర్వాత వేలమంది ఇంట్లో కెమెరా పెట్టి తీశారు కూడా, వాటిలో మనకి పేరు గుర్తున్నవి ఎన్ని? నిజానికి ఆ పదిహేను వేలన్నది షూటింగ్ ఖర్చు మాత్రమే. కొత్త ముగింపు తీయడానికీ, కొనడానికీ, పబ్లిసిటీకీ స్టూడియో పెట్టింది వేరే లెక్క, అది పోస్టర్ మీద వేసుకోరు. చిన్న బడ్జెట్ అన్న కథ కూడా పబ్లిసిటీలో భాగమే, అది విని వచ్చినవాడు సగం ప్రేమతో వస్తాడు, సగం పరీక్షించడానికి వస్తాడు.

మన దగ్గర ఈ గొడవ ఇంకో రూపంలో కనపడుతుంది. 2012లో రవిబాబు ‘అవును’ తీశాడు, కొత్తగా పెళ్లైన జంట, కొత్త ఇల్లు, అందులో కంటికి కనపడని ఒకడు. పాటలు పెట్టి, ఫైట్లు పెట్టి బరువు పెంచకుండా ఇంటిని నమ్ముకున్న సినిమా, ఆడింది కూడా. కానీ చివర్లో కథ తెంపకుండా వదిలేయడం మీద అప్పుడు చాలామంది సణిగారు, రెండో భాగం రావడానికి 2015 అయింది. మనవాళ్లకి దెయ్యం కనపడకపోయినా ఓర్చుకుంటారు గానీ దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే ఓర్చుకోరు, ఎవరు చంపారు, ఎందుకు తిరుగుతోంది, ఎవరి మీద పగ, ఇవి తేలాలి. దానికి తోడు ఇంటర్వెల్. 86 నిమిషాల పారానార్మల్ యాక్టివిటీని మధ్యలో ఆపి, లైట్లేసి, పఫ్‌లు అమ్మి, యాడ్లు వేసి మళ్లీ మొదలుపెడితే అప్పటిదాకా బిగించిన టెన్షన్ అంతా క్యాంటీన్‌లోనే పోతుంది. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ హిట్టయ్యాక మన చిన్న నిర్మాతలు వరసపెట్టి దెయ్యానికి కామెడీ కలపడానికి ఒక కారణం ఇదే అని నా అనుమానం, భయం తెగిపోయినా నవ్వు నిలబెడుతుంది, ఫ్యామిలీతో వచ్చినవాడు రెండింట్లో ఏదో ఒకటి దక్కించుకుని పోతాడు. రామ్‌గోపాల్ వర్మ 2008లో ‘ఫూంక్’కి థియేటర్లో ఒంటరిగా చూసినవాళ్లకి 5 లక్షలిస్తానని పందెం కాశాడు. దాంతో సినిమా చూడటం కాస్తా మగతనానికి పరీక్ష అయిపోయింది, అలాంటి పరీక్షకి కూర్చున్నవాడు భయపడ్డానని రివ్యూ రాస్తాడా?

కాలం కూడా ఒక పార్టీ ఈ గొడవలో. 2009లో బెడ్‌రూమ్‌లో రాత్రంతా కెమెరా నడవడం వింత. ఇప్పుడు అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, గుమ్మం మీద, చంటిపిల్లల ఉయ్యాల పక్కన కూడా కెమెరాలే, చీకట్లో నలుపు తెలుపులో తీసిన కదలని ఫుటేజ్ మనం రోజూ చూస్తున్నాం, వాట్సాప్‌లో వచ్చే సీసీటీవీ దెయ్యాలు చూసి చూసి నవ్వడం నేర్చుకున్నాం. పైగా ఆ సినిమాకి తర్వాతి భాగాలు, నకళ్లు వచ్చి ఆ కిటుకులన్నీ అరగదీశాయి. ఇప్పటి పద్దెనిమిదేళ్లవాడు మొదటి భాగం చూసి పాతచింతకాయ పచ్చడి అంటే అతన్ని తప్పుపట్టలేం.

చివరిగా ఒక తమాషా. ఈ సినిమా ముగింపు గురించి వాదించుకునేవాళ్లు చూసిన ముగింపు ఒకటే అనే గ్యారంటీ లేదు. ఫెస్టివల్‌లో వేసిన దాంట్లో కేటీ కత్తి పట్టుకుని మంచం పక్కన కూర్చుని ఊగుతూ ఉంటుంది, పోలీసులు వచ్చి కాల్చేస్తారు. థియేటర్లలో వేసిన దాంట్లో మైకా శవం ఎగిరొచ్చి కెమెరాకి తగులుతుంది, కేటీ పాక్కుంటూ వచ్చి మన మీదకి దూకుతుంది, ఈ మార్పు డైరెక్టర్ స్పీల్‌బర్గ్ సలహా అని చెప్తారు. డీవీడీలో మూడోది ఉంది, అందులో ఆమె కెమెరా ముందే గొంతు కోసుకుంటుంది. ఆ దూకుడు చీప్‌గా ఉంది, అప్పటిదాకా ఏమీ చూపించకుండా నిలబెట్టిన పరువు అక్కడ పోయింది అనే పాత అభిమానులతో నేను ఏకీభవిస్తాను, నా ఓటు పోలీసుల ముగింపుకే. కానీ హాల్లో జనం అరిచింది మాత్రం ఆ దూకుడికే, వసూళ్లలో దాని వాటా తక్కువేం కాదు. కాబట్టి ఎవరైనా క్లైమాక్స్ సూపర్ అనో చెత్త అనో అంటే, వాదనకి దిగేముందు ఏ క్లైమాక్స్ చూశావు అని అడగండి.